ధ్రువం చేరని యాత్రికుడు – టామ్ క్రీన్

అమీర్‌పేటలో మైత్రీవనం ఎక్కడో తెలియని తెలుగు కుర్రాడు అరుదు. శ్రీకాకుళం నుంచి వచ్చినా, ఆదిలాబాదు నుంచి వచ్చినా, కంప్యూటర్ కోర్సు కోసమైనా, పోటీ పరీక్షల కోచింగు కోసమైనా ముందుగా దిగేది ఆ దరిదాపుల్లోనే. దాదాపు అదే పేరు గల మరో చోటు ఈ భూగోళానికి అట్టడుగున ఉంది. అంటార్కిటికా మంచు ఖండంలో మన దేశం 1989లో నెలకొల్పిన పరిశోధనా కేంద్రం పేరు మైత్రి. ఆ మంచు సీమతో మన నగరానికి చుట్టరికం కూడా ఉంది. 1983-84లో అక్కడికి వెళ్లిన మూడవ భారత యాత్రకు నాయకత్వం వహించి, దక్షిణ గంగోత్రి అనే మన మొదటి కేంద్రాన్ని నిలబెట్టిన హర్ష్ గుప్తా, ఆ తరువాత 1992 నుంచి 2001 వరకు హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులే కాదు, డబ్బు పెట్టుకోగల యాత్రికులు కూడా ఓడలెక్కి ఆ మంచును చూసి వస్తున్నారు. 2022-23 వేసవి ఒక్కదానిలోనే లక్ష మందికి పైగా వెళ్లి వచ్చారు. వాళ్లకు వెచ్చని గదులు, వేడి భోజనం, వెంట వైద్యుడు ఉంటారు. కాని వందేళ్ల క్రితం ఆ సీమకు వెళ్లడమంటే ఇంటివాళ్ల దగ్గర కడసారి సెలవు తీసుకున్నట్టే. ఆ రోజుల్లో మూడుసార్లు అక్కడికి వెళ్లి, మూడుసార్లూ ప్రాణాలతో తిరిగి వచ్చి, తన గురించి ఒక్క ముక్క కూడా రాసుకోకుండా కన్నుమూసిన ఒక సామాన్య కతోలిక నావికుడి కథ ఈ వారం చెప్పుకుందాం. ఆయన పేరు టామ్ క్రీన్.

ముందు ఆ చోటు ఎలాంటిదో కొంచెం తెలుసుకోవాలి. అంటార్కిటికా విస్తీర్ణం సుమారు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన దేశం వంటివి నాలుగు అందులో ఇమిడిపోతాయి. అందులో నూటికి 98 పాళ్లు మంచే. ఆ మంచు మందం సగటున రెండు కిలోమీటర్లు ఉంటుంది. సరిగ్గా ధ్రువం దగ్గర ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి. మనకు ఎండాకాలమైతే వాళ్లకు చలికాలం. 1983 జూలైలో అక్కడి వోస్టోక్ కేంద్రంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 89.2 డిగ్రీలకు పడిపోయింది. మే నెలలో పంజాగుట్ట చౌరస్తాలో నిలబడి, గొడుగు పట్టుకొని కూడా చెమటలు కక్కే మనకు ఆ చలి ఊహకైనా అందదు. అక్కడ చెట్టు లేదు, పుట్ట లేదు, ఊరు లేదు. దారి తప్పితే అడగడానికి మనిషి లేడు.

టామ్ క్రీన్ 1877లో ఐర్లండు దేశంలో, కెర్రీ జిల్లా అనస్కాల్ అనే పల్లె దగ్గర పుట్టాడు. ఐర్లండు మన హైదరాబాదు కతోలికులకు పరాయి దేశం కాదు. 19వ శతాబ్దంలో ఇక్కడ మొదటి అపోస్తలిక ప్రతినిధిగా ఉండి సేవ చేసిన దానియేలు మర్ఫీ మేత్రాణులవారు ఆ దేశంలోని కార్క్ జిల్లావారే. క్రీన్ తండ్రి చిన్న రైతు. ఇంట్లో చాలామంది పిల్లలు. 1845లో మొదలైన బంగాళాదుంపల కరువు జ్ఞాపకాలు ఆ ప్రాంతపు పెద్దల మనసుల్లో ఇంకా ఆరని రోజులవి. పొలం అందరికీ చాలదు. అందుకే క్రీన్ చదువు చిన్న వయసులోనే ఆగింది. పశువులు కాయడం, దుంపలు తవ్వడం ఆయన పని అయింది. ఒకనాడు పశువులు చేలో పడ్డందుకు తండ్రి తిట్టాడని, ఆ రోషంతో ఇల్లు వదిలాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఏమైతేనేం, 1893లో పదహారేళ్ల ప్రాయంలో ఆ పిల్లవాడు బ్రిటిష్ నౌకాదళంలో చేరిపోయాడు. ఇంటి నుంచి తీసుకుపోయిన ఆస్తి అంటూ ఏమీ లేదు. మెడలో మాత్రం ఉత్తరీయం ఉండేది. దానిని ఆయన మంచు సీమల్లోనూ తీయలేదు.

ఎనిమిదేళ్లు ఓడల మీద మామూలు కొలువు చేశాక ఆయనకు ఒక అవకాశం తగిలింది. 1901 డిసెంబరులో ఆయన ఓడ న్యూజీలాండులోని లిటిల్టన్ రేవులో ఉంది. దక్షిణ ధ్రువ సీమకు వెళ్తున్న కెప్టెన్ రాబర్ట్ స్కాట్ ఓడ డిస్కవరీ కూడా అక్కడికే వచ్చి ఆగింది. ఆ ఓడలో నావికుడొకడు పై ఉద్యోగిని కొట్టి పారిపోయాడు. ఆ ఖాళీలోకి తాను వస్తానని క్రీన్ ముందుకొచ్చాడు. అప్పటికాయన వయసు 24 ఏళ్లు. మనిషి ఎత్తరి, ఎముక పుష్టి గలవాడు, నవ్వు మొహం వాడు.

డిస్కవరీ ఓడ మంచులో ఇరుక్కుపోయి రెండు చలికాలాలు అక్కడే ఉండిపోయింది. ఆ రోజుల్లో సామాను మోయడానికి మంచు మీద జారే బండ్లు ఉండేవి. వాటిని లాగింది ఎక్కువగా మనుషులే. నడుముకు పట్టీ కట్టుకొని, ఎద్దుల మాదిరి రోజుకు ఎనిమిది పది గంటలు లాగేవారు. ఆ యాత్రలో క్రీన్ మొత్తం 149 రోజులు అలా బండి లాగాడు. ఓడలో అంతగా లాగినవాళ్లు కొద్దిమందే. రెండుసార్లు మంచు పగిలి నీళ్లలో పడ్డాడు. రెండుసార్లూ తోటివాళ్లు పైకి లాగారు. 1904లో ఓడ మంచు నుంచి విడుదలై ఇంటికి తిరిగాక, స్కాట్ ఏ ఓడకు మారితే ఆ ఓడకు క్రీన్‌ను కూడా పిలిపించుకొనేవాడు. పని చెప్తే సణగని మనిషి, తోటివాళ్లతో తగాదా పడని మనిషి అంటే ఏ యజమానికైనా విలువే కదా.

1910లో స్కాట్ మళ్లీ బయలుదేరాడు. ఈసారి ఓడ పేరు టెర్రా నోవా. ఈసారి లక్ష్యం దక్షిణ ధ్రువమే. అంతకుముందు అక్కడ మనిషి కాలు పడలేదు. ఈ యాత్రలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. హెన్రీ బవర్స్ ఇక్కడి రాయల్ ఇండియన్ మెరైన్‌లో అధికారి. లారెన్స్ ఓట్స్ మధ్యప్రదేశ్‌లోని మౌ దండులో, అంటే ఇప్పటి డాక్టర్ అంబేడ్కర్ నగర్‌లో, అశ్వదళం అధికారి. ఇదే సమయంలో నార్వే దేశస్థుడు అమండ్సెన్ కూడా ధ్రువానికి బయలుదేరాడని దారిలో తెలిసింది. అలా యాత్ర కాస్తా పందెం అయింది.

1911 మార్చిలో బవర్స్, చెర్రీ గారార్డ్, క్రీన్ ముగ్గురూ గుర్రాలతో సముద్రం మీది మంచుపై గుడారం వేసుకొని నిద్రపోయారు. తెల్లవారక ముందే మంచు ముక్కలు ముక్కలుగా విడిపోయింది. వాళ్లు పడుకున్న పలక సముద్రంలోకి కొట్టుకుపోసాగింది. చుట్టూ నీళ్లలో వేటాడే తిమింగలాలు తలలు ఎత్తుతున్నాయి. సాయం తేవడానికి క్రీన్ బయలుదేరాడు. ఒక పలక మరో పలకను తాకే క్షణం కోసం కాచుకొని, దాని మీదికి దూకి, మళ్లీ కాచుకొని, మళ్లీ దూకి గట్టు చేరాడు. కబురు అందింది. మిగిలిన ఇద్దరూ బతికారు. గుర్రాల్లో ఒక్కటే దక్కింది.

ధ్రువ ప్రయాణం 1911 నవంబరులో మొదలైంది. స్కాట్ ఏర్పాటు ఇలా ఉండేది. పదహారు మంది బయలుదేరతారు. కొంత దూరానికొకసారి కొందరు తమ సామాను ఇచ్చి వెనక్కి మళ్లుతారు. చివరికి నలుగురే ధ్రువానికి వెళ్తారు. ఆ నలుగురిలో ఎవరుంటారో చివరిదాకా ఎవరికీ తెలియదు. క్రీన్ సుమారు 200 కిలోమీటర్ల పొడవున్న బియర్డ్‌మోర్ హిమానీనదాన్ని ఎక్కాడు. పై పీఠభూమి మీద గడ్డకట్టే గాలికి ఎదురుగా బండి లాగాడు. 1912 జనవరి 4 నాటికి ధ్రువం ఇంకా సుమారు 270 కిలోమీటర్లు ఉంది. అప్పటికి ఎనిమిది మంది మిగిలారు. అక్కడ స్కాట్ తన నిర్ణయం చెప్పాడు. విల్సన్, ఓట్స్, బవర్స్, ఎడ్గార్ ఎవాన్స్ తనతో వస్తారు. లెఫ్టినెంట్ టెడ్డీ ఎవాన్స్, లాష్లీ, క్రీన్ వెనక్కి వెళ్లాలి.

వెళ్లేది నలుగురు కాదు, ఐదుగురు అయ్యారు. అయినా క్రీన్‌కు చోటు దొరకలేదు. అప్పటికి ఆయన ఒంట్లో బలం తగ్గలేదు. పదేళ్ల కష్టం, రెండు యాత్రలు, ఇంకో రెండు వారాల నడక. అక్కడ నుంచి వెనక్కి పొమ్మంటే ఎంతటివాడికైనా ప్రాణం ఉసూరుమంటుంది. ఆ నిబ్బరమైన మనిషి అందరి ముందూ ఏడ్చేశాడు. స్కాట్ తన దినచర్య పుస్తకంలో ఆ కన్నీళ్లను రాసుకున్నాడు. క్రీన్ ఎదురు చెప్పలేదు. వెళ్తున్నవాళ్లకు జేజేలు పలికి వెనక్కి తిరిగాడు.

ఓడ ఉన్న తీరం అక్కడికి సుమారు 1,200 కిలోమీటర్లు. నలుగురు లాగవలసిన బండిని ముగ్గురు లాగాలి. హిమానీనదం అంచుకు వచ్చేసరికి తిండి తగ్గిపోతోంది. చుట్టూ తిరిగి దిగితే మూడు రోజులు వృథా. ముగ్గురూ బండి మీద కూర్చొని, దేవుడి మీద భారం వేసి, వందల మీటర్ల లోతుకు ఆ మంచు వాలు మీద జారిపోయారు. దారిలో నోళ్లు తెరుచుకున్న పగుళ్లున్నాయి. వాటి మీదుగా ఎలా దాటారో, బోల్తా పడి లేచి చూసుకొంటే ఎవరికీ ఎముక విరగలేదు. ఆ తరువాత టెడ్డీ ఎవాన్స్‌కు మంచు తెల్లదనానికి కళ్లు పోయినంత పనైంది. ఆ వెనుకే స్కర్వీ వ్యాధి తగిలింది. చిగుళ్లు వాచాయి, కీళ్లు బిగిశాయి, చివరికి నిలబడలేకపోయాడు. విటమిన్ సి లోపం వల్ల వచ్చే జబ్బు అది. మన ఇంట దొరికే ఉసిరికాయ, నిమ్మకాయ చాలు దాన్ని ఆపడానికి. కాని విటమిన్ సి అనేదొకటి ఉందని శాస్త్రజ్ఞులు కనిపెట్టడానికి అప్పటికి ఇంకా పదిహేనేళ్లకు పైగా వ్యవధి ఉంది.

నన్ను ఇక్కడ వదిలేసి మీరు పోయి బతకండని ఎవాన్స్ అధికారిగా ఆజ్ఞ ఇచ్చాడు. క్రీన్, లాష్లీ ఆ ఆజ్ఞను పాటించలేదు. నౌకాదళంలో ఆజ్ఞ మీరడం చిన్న నేరం కాదు. వాళ్లు అతన్ని పడక సంచిలో చుట్టి బండి మీద కట్టి లాగారు. ఫిబ్రవరి 18 నాటికి స్థావరం ఇంకా 56 కిలోమీటర్లు ఉంది. ఒకటి రెండు రోజులకు మించి తిండి లేదు. ఆ బరువుతో లాగితే నాలుగైదు రోజులు పడుతుంది. లెక్క కుదరదు. రోగి దగ్గర లాష్లీ ఉండాలనీ, తాను ఒంటరిగా వెళ్లి సాయం తేవాలనీ క్రీన్ నిశ్చయించాడు.

ఆయన వెంట గుడారం లేదు, పడక సంచి లేదు, పొయ్యి లేదు. జేబులో కొంచెం చాక్లెట్టు, మూడు బిస్కెట్లు. అప్పటికే ఆయన కాళ్లు మూడున్నర నెలలుగా నడుస్తున్నాయి. అడుగు తీసి అడుగు వేస్తే తొడల దాకా మంచులో దిగబడే నేల. ఒక పగులులో పడితే తీసేవాడు లేడు. కూర్చొని కునుకు తీస్తే లేచేది లేదు. 18 గంటలు నడిచాడు. తెల్లవారుజామున హట్ పాయింట్ కుటీరం చేరి కుప్పకూలాడు. అక్కడ డాక్టర్ అట్కిన్సన్, కుక్కల బండి నడిపే దిమిత్రీ ఉన్నారు. క్రీన్ లోపలికి వచ్చిన అరగంటకే మంచు తుపాను విరుచుకుపడింది. ఒకటిన్నర రోజు పాటు ఎవరూ బయట కాలు పెట్టలేకపోయారు. ఆయన దారిలో ఇంకో అరగంట ఆలస్యం చేసి ఉంటే ముగ్గురూ పోయేవారు. తుపాను తగ్గాక కుక్కల బండి వెళ్లి ఎవాన్స్‌ను, లాష్లీని తీసుకొచ్చింది. ఆ ఎవాన్స్ తరువాత అడ్మిరల్ అయ్యాడు, ప్రభువు బిరుదు పొందాడు, 1957 దాకా బతికాడు.

ధ్రువానికి వెళ్లినవాళ్ల సంగతి ఏమైంది? జనవరి 17న వాళ్లు ధ్రువం చేరేసరికి అక్కడ నార్వే జెండా ఉంది. అమండ్సెన్ 1911 డిసెంబరు 14నే వచ్చి వెళ్లిపోయాడు. తిరుగు దారిలో ఐదుగురూ ఒకరి వెనుక ఒకరు చనిపోయారు. వాళ్లను వెతకడానికి 1912 అక్టోబరు చివర ఒక బృందం బయలుదేరింది. అందులో క్రీన్ ఉన్నాడు. ఆ బృందం సామాను మోసినవి మన దేశం నుంచి ఓడ మీద పంపిన కంచరగాడిదలు. గులాబ్, బేగం, రాణీ, లాల్ ఖాన్, అబ్దుల్లా వంటి పేర్లతో పిలిస్తే పలికే ఆ మూగజీవాలు దక్షిణ ధ్రువపు మంచులో నడిచాయి. నవంబరు 12న సగం పూడిపోయిన గుడారం కనిపించింది. లోపల స్కాట్, విల్సన్, బవర్స్ దేహాలు. తిండి దాచిన చోటు అక్కడికి 18 కిలోమీటర్లే. గుడారాన్నే వాళ్ల మీద దింపి, పైన మంచు గుట్ట పేర్చి, దాని మీద సిలువ నాటి, ప్రార్థన చెప్పి తిరిగి వచ్చారు.

పది నెలల క్రితం తనకు చోటు దొరకలేదని ఏడ్చిన మనిషి ఆ గుడారం ముందు నిలబడినప్పుడు ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు. ఆయన ఎక్కడా రాయలేదు. మనకు తెలిసింది ఇంతే. ఆ రోజు స్కాట్ తన వెంట రమ్మని ఉంటే క్రీన్ కూడా ఆ గుడారంలోనో, దారిలోనో మిగిలిపోయేవాడు. అటు ఎవాన్స్‌కు దిక్కు ఉండేది కాదు. 1913 జూలైలో లండనులో రాజు ఐదవ జార్జి చేతుల మీదుగా క్రీన్, లాష్లీ ఇద్దరికీ ప్రాణరక్షణకు ఇచ్చే ఆల్బర్టు పతకం అందింది.

ఇంత చూసినవాడు ఇక చాలనుకోవాలి. కాని 1914లో షాకిల్టన్ అనే మరో నాయకుడు ఆ ఖండాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటతానని పిలిస్తే క్రీన్ రెండవ అధికారిగా వెళ్లాడు. ఓడ పేరు ఎండ్యూరెన్స్. అందులో 28 మంది ఉన్నారు. ఆ ఓడలో పుట్టిన నాలుగు కుక్కపిల్లలను క్రీనే పెంచాడు. వాటిని చంకలో పెట్టుకొని నవ్వుతున్న ఆయన ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. 1915 జనవరిలో ఓడ వెడెల్ సముద్రంలో మంచులో చిక్కింది. పది నెలలు నలిగి నలిగి నవంబరు 21న మునిగిపోయింది. దాని శిథిలాన్ని 106 ఏళ్ల తరువాత, 2022 మార్చిలో, మూడు వేల మీటర్ల లోతున కనుగొన్నారు.

మనుషులు మంచు పలకల మీద నెలల తరబడి బతికారు. 1916 ఏప్రిల్‌లో మూడు చిన్న పడవల్లో ఎలిఫెంట్ దీవి అనే రాతి దిబ్బకు చేరారు. అక్కడికి ఏ ఓడా రాదు. అందుకని షాకిల్టన్ మరో ఐదుగురితో ఒక పడవ వేసుకొని సౌత్ జార్జియా దీవికి సాయం కోసం బయలుదేరాడు. ఆ ఐదుగురిలో క్రీన్ ఒకడు. పడవ పొడవు ఏడు మీటర్ల లోపు. దాటవలసిన సముద్రం సుమారు 1,300 కిలోమీటర్లు. ప్రపంచంలోకెల్లా ఉగ్రమైన కెరటాలు అక్కడివే. చుక్కాని పట్టుకొని కూర్చున్నప్పుడు క్రీన్ ఏదో పాడుకొనేవాడట. దానికి రాగం లేదు, తాళం లేదు, అదేం పాటో ఎవరికీ అంతు పట్టలేదు. కాని ఆ గొంతు వినబడుతుంటే తక్కినవాళ్లకు ధైర్యంగా ఉండేది. 17వ రోజున, మే 10న పడవ దీవిని తాకింది.

తాకింది జనం లేని ఒడ్డును. తిమింగలాల వేటగాళ్ల ఊరు దీవికి ఆవలి పక్క ఉంది. మధ్యలో అంతవరకు ఎవరూ దాటని మంచు కొండలు. మే 19 తెల్లవారక ముందే షాకిల్టన్, వర్స్లీ, క్రీన్ ముగ్గురూ ఒక తాడు, ఒక వడ్రంగి బాడిసె పట్టుకొని నడక మొదలుపెట్టారు. జోళ్లు జారకుండా అడుగున పడవ మరలు బిగించుకున్నారు. ఒకచోట చీకటి పడుతుంటే, దిగడానికి వేళ లేక తాడును చుట్టగా చుట్టి దాని మీద ముగ్గురూ కూర్చొని లోయలోకి జారిపోయారు. ఇంకోచోట ఇద్దరికీ కునుకు పట్టింది. షాకిల్టన్ ఐదు నిమిషాలకే లేపి, అరగంట నిద్రపోయారని చెప్పి నడిపించాడు. 36 గంటలకు స్ట్రామ్నెస్ అనే ఊరు చేరారు. ఆ అవతారాలు చూసి పిల్లలు పారిపోయారు.

ఆ నడకలో ఒక సంగతి జరిగింది. తాము ముగ్గురం కాదు, నలుగురం నడుస్తున్నామని షాకిల్టన్‌కు పదేపదే అనిపించింది. ఎవరితోనూ అనలేదు. తరువాత వర్స్లీ తనంతట తానే అదే మాట చెప్పాడు. క్రీన్ కూడా తనకూ అలాగే తోచిందని ఒప్పుకున్నాడు. అలసిన బుద్ధి కల్పించిన భ్రమ అని వైద్యులు అంటారు. ఎమ్మావు దారిలో ఇద్దరు శిష్యులతో కలిసి నడిచిన మూడవ వాడిని తలుచుకొనే మనం మరో విధంగా అనుకోవచ్చు. క్రీన్ మాత్రం దాన్ని గురించి వాదించలేదు, ప్రచారమూ చేయలేదు. మూడు ఓడలు ప్రయత్నించి విఫలమయ్యాక, ఆగస్టు 30న చిలీ దేశపు ఓడ యెల్చో ఎలిఫెంట్ దీవికి చేరింది. అక్కడ ఉన్న 22 మందీ ప్రాణాలతో ఉన్నారు. ఖండానికి ఆవలి పక్క సామాను దాచడానికి వెళ్లిన మరో బృందంలో మాత్రం ముగ్గురు చనిపోయారు.

క్రీన్ 1917లో తన ఊరి అమ్మాయి ఎలెన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఓడలో జారిపడిన దెబ్బతో 1920లో కొలువు మానేసి ఊరికి వచ్చేశాడు. షాకిల్టన్ మళ్లీ పిలిచినా ఈసారి వెళ్లలేదు. అనస్కాల్‌లో భార్యాభర్తలు ఒక పానశాల నడిపారు. దానికి దక్షిణ ధ్రువం అని పేరు పెట్టారు. అది నేటికీ ఉంది. తాను చేరని చోటు పేరును ఆయన తన గుమ్మం మీద రాయించుకున్నాడు.

ఆ గుమ్మం లోపల ధ్రువం ఊసే ఎత్తేవాడు కాదు. పత్రికలవాళ్లు వచ్చినా చెప్పలేదు. పతకాలను పెట్టెలో పెట్టి మూత వేశాడు. కన్న కూతుళ్లకే సరిగా తెలియదు. అణకువ ఒక కారణం. కాలం మరో కారణం. ఐర్లండు స్వాతంత్ర్యం కోసం బ్రిటిష్ వారితో పోరాడుతున్న రోజులవి. బ్రిటిష్ నౌకాదళంలో చేసినవాడిని ఊరు అనుమానంగా చూసేది. పోలీసు కొలువులో ఉన్న ఆయన అన్నదమ్ముడు కొర్నేలియస్‌ను 1920 ఏప్రిల్‌లో కార్క్ జిల్లాలో పొంచి ఉండి కాల్చి చంపారు. 1924లో నాలుగేళ్ల కూతురు కేట్ చనిపోయింది. మంచు తుపానుతో పందెం వేసి ముగ్గురి ప్రాణాలు దక్కించినవాడు సొంత బిడ్డను దక్కించుకోలేకపోయాడు. ఆ దుఃఖాన్ని కూడా లోపలే పెట్టుకొని, సాయంత్రాలు కుక్కలను వెంటబెట్టుకొని ఏటి గట్టున నడుస్తూ బతికాడు.

1938 జూలైలో కడుపునొప్పి వచ్చింది. ఉండుకం వాచింది. దగ్గరి పట్టణం ట్రలీ ఆసుపత్రిలో ఆపరేషను చేసే వైద్యుడు ఆ వేళ దొరకలేదు. కార్క్ నగరానికి తరలించారు. ఈ లోపల ఉండుకం పగిలి విషం పాకింది. జూలై 27న ఆయన కన్నుమూశాడు. వయసు 61. తన కుటుంబం కోసం తానే కట్టుకొన్న సమాధిలో ఆయనను ఉంచారు. తోటివాడికి సాయం సమయానికి అందడం కోసం 18 గంటలు నడిచిన మనిషికి తన వంతు వచ్చేసరికి సాయం ఆలస్యంగా అందింది.

చాలా కాలం లోకం ఆయనను మరిచింది. 2000లో సమగ్రమైన జీవిత చరిత్ర వెలువడ్డాక పేరు పైకి వచ్చింది. 2003లో ఊళ్లో, తన పానశాలకు ఎదురుగా, కుక్కపిల్లలను ఎత్తుకొన్న ఆయన విగ్రహం పెట్టారు. ఐర్లండు దేశం తన సముద్ర పరిశోధన ఓడకు టామ్ క్రీన్ అని పేరు పెట్టుకుంది.

ఈ కథను మన నగరంలో ఎవరికి చెప్పాలి? అమీర్‌పేట హాస్టళ్లలో ఏళ్ల తరబడి చదివి, చివరి జాబితాలో పేరు లేక, ఊరికి ఏ మొహం పెట్టుకొని పోవాలి అని గది తలుపు వేసుకొని కూర్చున్న పిల్లలకు చెప్పాలి. వాళ్ల తల్లిదండ్రులకు ముందు చెప్పాలి. చోటు దొరకని నాడు క్రీన్ కూడా ఏడ్చాడు. ఏడవడం తప్పు కాదు. ఆ కన్నీళ్ల తరువాత వెనక్కి నడిచిన దారిలోనే ఆయన జీవితంలోని గొప్ప పని ఆయన కోసం కాచుకొని ఉంది. అది ఆ జనవరి 4న ఆయనకు తెలియదు. మన పిల్లలకు కూడా ఈ రోజు తెలియదు. అంత వరకు వాళ్ల పక్కన ఒకరు ఉండాలి. అలాంటి పిల్లలు మీ వీధిలో ఉంటే వెళ్లి తలుపు తట్టండి, ఒక పూట భోజనానికి పిలవండి.

అక్కడికి కూతవేటు దూరంలో, పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. జిల్లాల నుంచి రోగులను మోసుకొచ్చినవాళ్లు చేతిసంచి, నీళ్ల సీసా పెట్టుకొని కాచుకొని ఉంటారు. ఒక తమ్ముడు అన్నను తెచ్చి ఉంటాడు, ఒక కోడలు అత్తను తెచ్చి ఉంటుంది. రోగి వదిలేయమన్నా వదలకుండా తెచ్చినవాళ్లు వాళ్లలో కొందరుంటారు. వాళ్లకు ఎవరూ పతకం ఇవ్వరు, పేపర్లో పేరు రాదు. సువార్తలోని మంచి సమరయుని పేరు కూడా మనకు తెలియదు కదా. ఆయన గాయపడినవాడిని సత్రం దాకా చేర్చాడని మాత్రమే తెలుసు. టామ్ క్రీన్ కూడా ఆ కోవలోని మనిషే.